విమానంలో వాటా కొనాలనుకుంటున్నారా? అమెరికాలోని తెలుగు పైలట్లకు తరచూ వచ్చే సందేహాలు

లైసెన్స్ చేతికొచ్చిన కొన్నాళ్లకే అద్దె విమానాల మీద విసుగొస్తుంది. కావలసిన శనివారం విమానం ఖాళీ ఉండదు. ఉన్నా సాయంత్రానికల్లా తెచ్చి అప్పజెప్పాలి. రెండు రోజులు ఊరెళ్లి ఉంటామంటే రోజుకిన్ని గంటలని కనీస చార్జీ వేస్తారు. అప్పుడొస్తుంది ఆలోచన: నలుగురం కలిసి ఒక పాత సెస్నా కొనుక్కుంటే? ఆ మాట అనుకున్నవాళ్లందరూ దాదాపు ఒకే వరుసలో ఒకే సందేహాలు అడుగుతారు కాబట్టి ఒకచోట రాసిపెట్టాను. ఇదంతా అమెరికాలో మనమే నడుపుకునే, ఒకే ఇంజన్ ఉన్న చిన్న విమానాల సంగతి. ఉదాహరణ అని చెప్పిన అంకెల స్థానంలో మీ ఊరి రేట్లు వేసుకోండి.

## దిగకముందు

వాటా అంటే నెట్‌జెట్స్ వాళ్లు అమ్మేలాంటిదేనా?

కాదు. జెట్లలో వాటాలు అమ్మే కంపెనీ నెట్‌జెట్స్ 1986లో మొదలుపెట్టిన పద్ధతిలో జెట్టులో వాటా కొన్నవారిదే అయినా పైలట్లూ వాళ్లే, నిర్వహణా వాళ్లదే. మామూలు విమానాల్లో కనీస వాటా పదహారో వంతు. దానికి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధనల్లో ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది. ఇక్కడ చెప్పేది ఇద్దరో ముగ్గురో పైలట్లు డబ్బులు వేసుకుని ఒక విమానం కొని, ఎవరి వంతు వాళ్లు నడుపుకుని, రెక్క కింద ఆయిల్ మరకలు కూడా వాళ్లే తుడుచుకునే సంగతి.

ఏడాదికి ఎన్ని గంటలు ఎగిరితే గిట్టుబాటు?

ఒక ఉదాహరణ వేద్దాం. 1970ల చివరి సెస్నా 172, ధర లక్ష డాలర్లు, నలుగురు వాటాదారులు. ఒక్కొక్కరికి 25,000. ఎగిరినా ఎగరకపోయినా తప్పని ఖర్చులు ఏడాదికి ఇలా ఉన్నాయనుకోండి: హ్యాంగర్ 4,800, బీమా 2,400, యాన్యువల్ తనిఖీ, దాంతో వచ్చే చిన్న మరమ్మతులు 2,800, జీపీఎస్ డేటా వగైరా 800. మొత్తం 10,800. తలకు 2,700.

గంటకయ్యే ఖర్చు వేరు. ఎనిమిదిన్నర గ్యాలన్ల పెట్రోలు, గ్యాలన్ 6 డాలర్ల చొప్పున 51. ఆయిల్‌కు 3. ఇంజన్ నిధికి, అంటే ముందుముందు ఇంజన్ విప్పి బాగుచేయించడానికి దాచేదానికి, 20. మిగతా మరమ్మతుల నిధికి 16. వెరసి 90 డాలర్లు.

అదే విమానం పెట్రోలుతో కలిపి గంటకు 180కి అద్దెకు దొరుకుతుంటే, ఏడాదికి 30 గంటల దగ్గర రెండూ సమానం. ఇక్కడిదాకా అందరూ లెక్క వేస్తారు. ఇరుక్కుపోయిన 25,000 బ్యాంకులో ఉంటే నాలుగు శాతం చొప్పున వెయ్యి డాలర్లు తెచ్చేది కదా, దాన్నీ కలిపితే సమానమయ్యేది 41 గంటల దగ్గర. సరదాకు ఎగిరే మనలాంటివాళ్లలో చాలామంది ఏడాదికి 41 గంటలు ఎగరరు. కాబట్టి డబ్బు మిగులుతుందని వాటా కొనకండి. కావలసినప్పుడు విమానం అందుబాటులో ఉండటానికి, అందులో ఏముందో ఎలా ఉందో మీకు తెలిసి ఉండటానికి కొనండి.

ఇంకా సోలో, అంటే ఒంటరిగా ఎగరడం కూడా చేయలేదు. స్టూడెంట్‌గా ఉండగానే కొనవచ్చా?

చట్టం అడ్డు చెప్పదు. బీమా కంపెనీ ప్రీమియం పెంచుతుంది, ఎవరి దగ్గర నేర్చుకోవాలో, ఎన్ని గంటల తర్వాత ఒంటరిగా ఎగరాలో షరతులు పెడుతుంది. పెరిగిన ప్రీమియం తేడా మీరే పెట్టుకుంటానని ముందే చెబితే మిగతావాళ్లు మెత్తబడతారు. నా సలహా అడిగితే లైసెన్స్ వచ్చేదాకా ఆగండి. నేర్చుకునేటప్పుడు దిగే గట్టి దెబ్బలు స్కూలు విమానం చక్రాలు తింటేనే నయం.

ఎంతమంది ఉంటే బాగుంటుంది?

ముగ్గురు, మహా అయితే నలుగురు. ఇద్దరే ఉంటే ఒకరు తప్పుకున్న రోజున ఖర్చంతా రెండోవారి మీద పడుతుంది. అయిదుగురు దాటితే చాలా బీమా కంపెనీలు దాన్ని క్లబ్బుగా లెక్కగట్టి వేరే పాలసీ అడుగుతాయి, శనివారాలకు పోటీ కూడా పెరుగుతుంది.

నేను హెచ్-1బీ మీద ఉన్నాను. నా ఫ్రెండ్‌కి గ్రీన్ కార్డు ఉంది. ఇద్దరం కలిసి కొనవచ్చా?

మనవాళ్లు అందరికన్నా ఆలస్యంగా తెలుసుకునే సంగతి ఇదే. బయానా ఇచ్చేశాక తెలిసినవాళ్లూ ఉన్నారు.

అమెరికాలో విమానాన్ని పౌరుడు గానీ శాశ్వత నివాసి, అంటే గ్రీన్ కార్డున్న వ్యక్తి గానీ తన పేరు మీద నమోదు చేసుకోవచ్చు. హెచ్-1బీ మీద ఉన్నవారి పేరు మీద నేరుగా నమోదు కాదు. ఎఫ్‌ఏఏ దరఖాస్తులో 'పార్ట్‌నర్‌షిప్', 'కో-ఓనర్' అని రెండు వేర్వేరు గళ్లుంటాయి. పార్ట్‌నర్‌షిప్ అని టిక్కు పెడితే అందులో ప్రతి ఒక్కరూ అమెరికా పౌరులై ఉండాలి, గ్రీన్ కార్డు చాలదు. కో-ఓనర్లుగా అయితే పౌరులూ గ్రీన్ కార్డువాళ్లూ కలిసి పెట్టుకోవచ్చు.

కార్పొరేషన్ పెడితే దానికి వేరే పరీక్ష ఉంది: అధ్యక్షుడు పౌరుడై ఉండాలి, డైరెక్టర్లలోనూ నిర్వహణ అధికారుల్లోనూ మూడింట రెండు వంతులు పౌరులై ఉండాలి, ఓటు హక్కులో కనీసం 75 శాతం పౌరుల చేతిలో ఉండాలి. ఇక్కడ తమాషా ఏమిటంటే, సొంత పేరు మీద నమోదుకు పనికొచ్చిన గ్రీన్ కార్డు ఈ లెక్కలో పనికిరాదు, పరాయి కిందే జమ. ఈ పరీక్ష దాటలేని కార్పొరేషన్‌కు కూడా ఒక దారుంది. అది అమెరికా చట్టం కింద ఏర్పడి, విమానం ఇక్కడే ఉంటూ, ఎగిరే గంటల్లో కనీసం 60 శాతం దేశం లోపలే ఎగరాలి. ఆ లెక్కలు భద్రంగా ఉంచి ఎఫ్‌ఏఏకు చూపించాలి. ట్రస్టు పెట్టి, ట్రస్టీ పేరు మీద నమోదు చేయించే పద్ధతీ ఉంది. దానికి ఏటా ఫీజు కట్టాలి.

పాత సెస్నాలో నాలుగో వంతు కోసం ఇంత తతంగం అవసరమా అంటే, హెచ్-1బీ మీద ఉన్నన్నాళ్లు మంచి ఫ్లయింగ్ క్లబ్బులో సభ్యత్వమే సుఖమని నేనంటాను. కొనాలనే పట్టుదల ఉంటే విమానాల నమోదు తెలిసిన లాయరుకు ముందుగా ఒక గంట ఫీజు ఇవ్వండి. ఇమిగ్రేషన్ లాయరు వేరు, ఈయన వేరు.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పి ఒప్పించాలి?

ఒప్పించే ముందు మీ జీవిత బీమా పాలసీ బయటికి తీయండి. సొంతంగా విమానం నడుపుతూ పోతే డబ్బు రాదనే షరతు కొన్ని పాలసీల్లో ఉంటుంది. ఉంటే మార్చుకోండి, లేదా దాన్ని కవర్ చేసే ఇంకో పాలసీ తీసుకోండి. ఆ కాగితం చూపించి మాట్లాడితే సగం భయం తగ్గుతుంది. తర్వాత ఒక పొద్దున్నే, గాలి నిమ్మళంగా ఉన్నప్పుడు ఇరవై నిమిషాలు తిప్పి తీసుకురండి. టెక్సాస్ ఎండాకాలం మధ్యాహ్నం మూడింటికి మొదటిసారి ఎక్కిస్తే ఆ కుదుపులకు వాటా సంగతి మళ్లీ ఎత్తరు.

## విమానం చూసేటప్పుడు

1978 మోడల్ అంటున్నారు. నాకన్నా పాతది! అంత పాతది కొనడం తెలివేనా?

అదే మామూలు. సెస్నా 172 అమ్మకాలు 1956లో మొదలయ్యాయి, 44,000కు పైగా తయారయ్యాయి. 1986లో ఆపేసి మళ్లీ 1996లో మొదలుపెట్టారు. కాబట్టి మన బడ్జెట్‌లో దొరికేవి ఎక్కువగా ఆ విరామానికి ముందువే. కారులా దీనికి వయసును బట్టి విలువ కట్టరు. ఎక్కడ ఉంది, ఎంత తరచుగా ఎగిరింది, ఎవరు చూసుకున్నారు, ఇవీ చూసేవి.

భయపడాల్సింది తుప్పు గురించి. గాల్వెస్టన్, ఫ్లోరిడా తీరం లాంటి చోట్ల ఏళ్ల తరబడి బయట నిలబడిన విమానమైతే లోపలి రేకులు టార్చి వేసి చూడాలి. మోడల్‌ను బట్టి తెలిసిన రోగాలూ ఉంటాయి. 1977 నుంచి 1980 వరకు వచ్చిన 172-ఎన్‌లో ఉండే లైకమింగ్ ఓ-320-హెచ్2ఏడీ ఇంజన్‌కు వాల్వులను కదిలించే క్యామ్, ట్యాపెట్లు అరిగిపోతాయనే పేరుంది. పాత సెస్నాల్లో సీటు పట్టాలు అరిగి, టేకాఫ్‌లో సీటు వెనక్కి జారిపోయిన ప్రమాదాలు జరిగాయి, అందుకే ఆ పట్టాల తనిఖీని ఎఫ్‌ఏఏ తప్పనిసరి చేసింది. 2018లో డేటోనా బీచ్‌లో ఒక పైపర్ విమానం రెక్క ఊడిపోయాక, ఆ కంపెనీ పీఏ-28 రకాల్లో చాలావాటికి రెక్క దూలంలో పగుళ్లున్నాయేమో ఎడ్డీ కరెంట్ అనే విద్యుత్ పద్ధతితో పరీక్షించాలని ఆదేశం వచ్చింది. పైపర్ కొంటుంటే ఆ పరీక్ష వర్తిస్తుందా, అయిందా అని మొదటి ఫోన్లోనే అడగండి.

లాగ్‌బుక్కుల్లో ఏం చూడాలి? మూడు పెట్టెల నిండా ఉన్నాయి.

నిండా ఉన్నాయంటే సంతోషించండి. ఎయిర్‌ఫ్రేమ్ (విమానం ఒళ్లు), ఇంజన్, ప్రొపెల్లర్ మూడింటికీ మొదటి రోజు నుంచి రికార్డు ఉండాలి. మధ్యలో ఏళ్లు మాయమైతే ధర తగ్గించి అడగవలసిందే. పెద్ద మరమ్మతులకు, మార్పులకు 337 ఫారాలు ఉంటాయి, వాటి నకళ్లు ఎఫ్‌ఏఏ దగ్గర ఆ విమానం నంబరు మీద తెప్పించుకుని పుస్తకంతో పోల్చండి. పుస్తకంలో "రెక్క చివర మార్చాము" అని ఒక్క ముక్క ఉండి, ఎందుకు మార్చారో లేకపోతే అక్కడ ఆగండి. ఎఫ్‌ఏఏ తప్పనిసరి ఆదేశాలు ఎప్పుడెప్పుడు పాటించారో ఆ పట్టిక ఎవరైనా శుభ్రంగా ఒక్క కాగితం మీద రాసి ఉంచితే ఆ యజమాని మిగతావీ బాగా చూసుకుని ఉంటాడని అనుకోవచ్చు.

ఇంజన్ 1,900 గంటలు తిరిగింది. వదిలేయాలా?

అక్కర్లేదు, ధరలో ఆ సంగతి కనిపిస్తే చాలు. ఇలాంటి లైకమింగ్ ఇంజన్లకు కంపెనీ చెప్పే ఓవర్‌హాల్ (మొత్తం విప్పి బాగుచేయడం) గడువు సాధారణంగా 2,000 గంటలు లేదా 12 ఏళ్లు. సొంత వాడకానికి ఎగిరేవారికి అది సలహా మాత్రమే, చట్టం కాదు. ఏటా నూట యాభై గంటలు క్రమం తప్పకుండా ఎగిరి 1,900 చేరిన ఇంజన్, ఇరవై ఏళ్ల కిందట ఓవర్‌హాల్ అయి 400 గంటలే తిరిగిన ఇంజన్, ఈ రెండిట్లో నేను మొదటిదాని వెనకే కూర్చుంటాను. కాకపోతే ఓవర్‌హాల్‌కు నలభై వేలు అవుతుందనుకుంటే, నలుగురిలో మీ వంతు పది వేలు రేపో మాపో తీయాల్సిందేనని ఇవాళే పక్కన పెట్టుకోండి.

యాన్యువల్ మొన్ననే అయిందట. మళ్లీ ప్రీ-బై, అంటే కొనేముందు తనిఖీ ఎందుకు?

యాన్యువల్ చేసింది అమ్మేవారి మెకానిక్. పన్నెండు నెలలకోసారి తప్పనిసరిగా జరిగే ఆ తనిఖీ, విమానం చట్టప్రకారం ఎగరవచ్చా లేదా అని చెబుతుంది. మీరు పెట్టే ధరకు తగినదా అని చెప్పదు. ఆ విమానాన్ని ఎప్పుడూ ముట్టుకోని మెకానిక్‌ను పెట్టుకోండి. సిలిండర్ కంప్రెషన్లు (గాలి ఒత్తిడిని ఎంత పట్టి ఉంచుతున్నాయో) 80కి ఎంత వస్తున్నాయి, లోపలికి దూర్చి చూసే బోరోస్కోప్‌లో వాల్వులు ఎలా కనిపిస్తున్నాయి, ఆయిల్ ఫిల్టర్ కోసి చూస్తే లోహపు ముక్కలున్నాయా, ఈ మూడూ తప్పకుండా చూడమనండి. ప్రీ-బై అంటే ఏమేం చూడాలో ఎఫ్‌ఏఏ ఎక్కడా నిర్వచించలేదు కాబట్టి జాబితా మీరే రాసివ్వాలి. దాన్నే యాన్యువల్‌గా కూడా చేసేయమని మాత్రం తొందరపడి చెప్పకండి. మధ్యలో పెద్ద లోపం బయటపడితే ఇంకా మీది కాని విమానం విప్పిన స్థితిలో ఆ షెడ్డులోనే ఇరుక్కుంటుంది.

నలుగురం కుటుంబం, సామానుతో వెళ్లొచ్చా?

నాలుగు సీట్లున్నంత మాత్రాన నలుగురు పెద్దవాళ్లు కాదు. విమానం, మనుషులు, పెట్రోలు, సామాను అన్నీ కలిపి 172-ఎన్ టేకాఫ్ బరువు 2,300 పౌండ్లు దాటకూడదు. ఖాళీ విమానం బరువు పోగా 850 పౌండ్లు మిగిలాయనుకోండి. 40 గ్యాలన్ల పెట్రోలుకే 240 పోతుంది. మిగిలేది 610. తలకు 170 చొప్పున నలుగురు పెద్దవాళ్లంటే 680. సామాను అరలో 120 పౌండ్లకు మించకూడదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని రెండు 23 కిలోల పెట్టెలతో సహా ఎయిర్‌పోర్టు నుంచి ఇందులో తీసుకొద్దామనే కల చాలామంది కన్నదే. పెట్టెలు కారులో పంపి, పెట్రోలు సగమే పోయిస్తే సాధ్యం. కొనబోయే విమానం అసలు బరువు కాగితం చూడకుండా ఏ మోడలూ ఖాయం చేసుకోవద్దు, ఒకే మోడల్లో రెండు విమానాలకు కూడా తేడా ఉంటుంది.

ఉన్న గ్రూపులో ఒకరు తప్పుకుంటుంటే ఆ వాటా కొంటున్నాను. అప్పుడు కూడా ఇవన్నీ చూడాలా?

విమానంతో పాటు గ్రూపు చరిత్రనూ కొంటున్నారు కాబట్టి ఇంకాస్త ఎక్కువే చూడాలి. ఇంజన్ నిధిలో ఎంతుంది, వెళ్లిపోయేవారి వంతు మీకు వస్తుందా? గ్రూపుకు అప్పులున్నాయా? ఓక్లహోమా సిటీలోని ఎఫ్‌ఏఏ రిజిస్ట్రీలో ఎవరి పేర్లున్నాయి, ఏదైనా బ్యాంకు తాకట్టు నమోదై ఉందా? గత రెండేళ్ల ఖర్చుల పట్టిక అడగండి. లేదంటే అదే జవాబు. వెళ్లిపోతున్న మనిషితో విడిగా కాఫీ తాగండి. ఎందుకు వెళ్తున్నారో మిగిలినవాళ్లు చెప్పే కారణం, ఆయన చెప్పే కారణం ఒకటేనా అన్నది తెలుస్తుంది.

## కాగితాల దగ్గర

మేం కాలేజీ నుంచి ఫ్రెండ్స్‌మి. రాతకోతలంటే బాగుండదేమో?

గ్రూపులు చెడిపోయేది ఇంజన్ వల్ల కంటే మొహమాటం వల్ల. "మన మధ్య కాగితాలేంట్రా" అన్న మాట నిజమైన ప్రేమతోనే అంటారు. ఏడాది తర్వాత ఒకడి చేతిలో టైరు పగిలితే, ఎవడు కట్టాలో అడగడానికి అదే ప్రేమ అడ్డమొస్తుంది. అడగనివాడు లోపల లెక్క పెట్టుకుంటూనే ఉంటాడు.

రాయండి. కనీసం ఇవి ఉండాలి: నెల చందా, గంట రేటు ఎంత, ఎవరు మారుస్తారు. ఎంత ఖర్చు దాటితే అందరి సమ్మతి కావాలి. డబ్బు ఆపేస్తే ఎన్ని రోజులకు ఎగరడం ఆగుతుంది. ఎవరు దెబ్బతీస్తే వాళ్లే బీమాలో మన వంతు కట్టాలా. ఎన్నాళ్లు ఎగరకపోతే ఇన్‌స్ట్రక్టర్‌తో ఒకసారి వెళ్లి రావాలి. ప్రయాణికులను ఎక్కించాలంటే 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉండాలనేది ఎఫ్‌ఏఏ నియమం, మీరు అంతకన్నా కఠినంగా పెట్టుకోవచ్చు. పైలట్ల సంఘం ఏఓపీఏ దగ్గర నమూనా ఒప్పందం ఉంది, దాన్ని ముందు పెట్టుకుని కూర్చుంటే ఒక సాయంత్రంలో చిత్తుప్రతి అవుతుంది. "లాయరు అడిగాడు" అని ఆయన మీదకు తోసేయండి, మొహమాటం తీరిపోతుంది.

ఎల్ఎల్‌సీ పెట్టాలా, పేర్ల మీదే ఉంచుకోవాలా?

ఎల్ఎల్‌సీ అంటే యజమానుల బాధ్యత పరిమితంగా ఉండే కంపెనీ. దానివల్ల లాభం, వేరొకరు చేసిన ప్రమాదానికి మీ ఇల్లూ వాకిలీ జప్తు కాకుండా ఒక అడ్డం. మీరే నడుపుతూ చేసిన తప్పుకు మాత్రం అది గొడుగు పట్టదు, పైలట్‌గా బాధ్యత మీదే. రెండో లాభం, ఒకరు మారినప్పుడు కంపెనీలో వాటా మారుతుంది తప్ప విమానం అదే పేరు మీద ఉంటుంది. పేర్ల మీద ఉంటే ప్రతిసారీ కొత్త బిల్ ఆఫ్ సేల్ (అమ్మకపు పత్రం), కొత్త నమోదు. గ్రూపులో పౌరులు కానివారుంటే మాత్రం ఎల్ఎల్‌సీ నమోదు చిక్కుల్లో పడొచ్చు.

రాష్ట్రం పన్ను మరవకండి. ఎఫ్‌ఏఏ రిజిస్ట్రీ ఎవరైనా చూడగలిగేది, రాష్ట్ర పన్నుల శాఖ కూడా చూస్తుంది. కొన్న కొన్ని నెలలకు వచ్చే ఉత్తరం చూసి ఉలిక్కిపడే బదులు ధరలోనే అది వేసుకోండి.

బీమాలో నా పేరు 'పైలట్' అని ఉంటే చాలదా?

చాలదు. వాటాదారులందరూ యజమానులుగా, అంటే నేమ్డ్ ఇన్స్యూర్డ్‌గా ఉండాలి. 'అనుభవమున్న ఏ పైలట్ అయినా నడపవచ్చు' అనే షరతు చూసి చాలామంది పొరపడతారు. అది విమాన యజమానిని కాపాడుతుంది, నడిపిన పైలట్‌ను కాదు. నష్టం కట్టిన కంపెనీ తర్వాత ఆ పైలట్ మీదకే వసూలుకు రావచ్చు. రెండో సంగతి, సాధారణంగా దొరికే పది లక్షల డాలర్ల లయబిలిటీలో, అంటే ఇతరులకు కలిగే నష్టానికి కట్టే బీమాలో, ఒక్కో ప్రయాణికుడికి లక్ష అనే పరిమితి ఉంటుంది. కుటుంబాన్ని, స్నేహితులను ఎక్కించేవారికి ఆ లక్షే అసలు అంకె. గ్రూపులో అందరికన్నా తక్కువ గంటలున్న పైలట్‌ను బట్టే ప్రీమియం నిర్ణయమవుతుంది. ఆ మనిషి మీరే అయితే మొదటి ఏడాది తేడా మీరు పెట్టుకోండి.

## ఎగురుతున్నప్పుడు

కొత్త బండికి చేసినట్టు పూజ చేయించవచ్చా?

నిక్షేపంగా చేయించండి, కొంచెం జాగ్రత్తతో. హ్యాంగర్ లోపల కర్పూరం, అగరొత్తులు వద్దు, పెట్రోలు ఆవిరి ఉంటుంది. హారతి బయట, దూరంగా ఇవ్వండి. ప్రొపెల్లర్‌కు దండ వేయడం, దాన్ని చేత్తో తిప్పడం అసలు వద్దు. ఇంజన్‌కు నిప్పురవ్వ ఇచ్చే మ్యాగ్నెటో తీగ తెగి ఉంటే తాళంచెవి తీసేసినా ఇంజన్ ఒక్కసారి అందుకోవచ్చు. అద్దం ప్లాస్టిక్‌ది, పసుపు కుంకుమ పెట్టి గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. బొట్టు ముక్కు రేకు మీద పెట్టండి, గాలి కొలిచే గొట్టానికీ, పక్కన ఉండే చిన్న రంధ్రాలకూ అంటకుండా చూడండి. కొబ్బరికాయ నేల మీదే కొట్టి పెంకులన్నీ ఏరేయండి. ముందు చక్రం కింద నిమ్మకాయ బాగానే ఉంటుంది.

శని ఆదివారాలు అందరికీ కావాలి. గొడవలు రావా?

నలుగురికి ఒక్కో వారం ముందు హక్కు అని పెట్టుకోండి. ఆ వారం ఆయన బుధవారం లోపు చెప్పకపోతే ఎవరైనా తీసుకోవచ్చు. థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ లాంటివి ఏటా వంతులు మారాలి. ఆచరణలో గొడవ అనుకున్నంత రాదు, ఎక్కువ రోజులు విమానం ఊరికే ఉంటుంది.

నెలల తరబడి ఎవరూ ఎగరకపోతే ఏమవుతుంది?

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదు. పక్కవాడు ఎగురుతున్నాడులే అని ప్రతివాడూ అనుకుంటాడు. లైకమింగ్ ఇంజన్లలో క్యామ్‌షాఫ్ట్ పైభాగాన ఉంటుంది. ఇంజన్ ఆగాక ఆయిల్ కిందికి జారిపోయి అది ఆరిపోతుంది, తేమ తగిలి తుప్పు పడుతుంది. ఆ తుప్పు తర్వాత ట్యాపెట్లను తినేస్తుంది. అప్పుడప్పుడూ వెళ్లి నేల మీద పది నిమిషాలు ఇంజన్ తిప్పి రావడం ఇంకా చెడ్డది, తేమ పుడుతుంది తప్ప ఆవిరయ్యేంత వేడి రాదు. రెండు వారాలకోసారైనా ఎవరో ఒకరు గంటసేపు గాలిలో తిప్పాలి. ఆ బాధ్యత నెలకొకరి పేరు మీద రాసిపెట్టండి.

గంటలు ఎలా లెక్కపెట్టాలి? ట్యాక్ అంటారు, హాబ్స్ అంటారు.

రెండూ విమానంలోని మీటర్లే. హాబ్స్ గడియారంలా నడుస్తుంది, ట్యాక్ ఇంజన్ వేగాన్ని బట్టి నడుస్తుంది. నేల మీద నెమ్మదిగా తిరిగేటప్పుడు ట్యాక్ వెనకబడుతుంది. గ్రూపుకు ట్యాక్ మేలు, ఇంజన్ అరుగుదలకు దగ్గరి లెక్క అదే. పెట్రోలు గంట రేటులో కలపకుండా, దిగినవాళ్లు ఒకే గుర్తు దాకా నింపి వెళ్లాలనే పద్ధతి పెడితే పెట్రోలు బిల్లుల మీద వాదనే ఉండదు.

స్నేహితులను తీసుకెళ్లి పెట్రోలు డబ్బు తీసుకోవచ్చా?

ప్రైవేట్ పైలట్ తన వంతుకు తగ్గకుండా పెట్టుకుని మిగతాది పంచుకోవచ్చు. న్యూజెర్సీ నుంచి నలుగురు పిట్స్‌బర్గ్ వెంకటేశ్వర స్వామి గుడికి వెళ్తున్నారనుకోండి. మీతో కలిపి నలుగురు కాబట్టి కనీసం నాలుగో వంతు మీది. పంచుకోగలిగేవి పెట్రోలు, ఆయిల్, ఎయిర్‌పోర్టు రుసుములు, అద్దె విమానమైతే అద్దె. ఇంజన్ నిధికి గంటకు ఇంతని వాళ్ల దగ్గర వసూలు చేయకూడదు. గుడికి వెళ్లే పని మీకూ ఉండాలి, వాళ్లను దింపి రావడానికే వెళ్తే అది ట్యాక్సీ. ముఖ్యంగా, మూడు వందల మంది ఉన్న తెలుగు వాట్సాప్ గ్రూపులో "శనివారం పిట్స్‌బర్గ్ వెళ్తున్నా, రెండు సీట్లున్నాయి" అని పెట్టకండి. ఎఫ్‌ఏఏ దాన్ని ప్రజలకు సేవ అమ్ముతున్నట్టే చూస్తుంది.

ఆయిల్ మార్పు లాంటివి నేనే చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. కనీసం ప్రైవేట్ లైసెన్స్ ఉన్న యజమాని ఆయిల్, టైర్లు, స్పార్క్ ప్లగ్గులు, బ్యాటరీ లాంటి కొన్ని పనులు చేసి, లాగ్‌బుక్కులో రాసి సంతకం పెట్టవచ్చు. ఫిల్టర్ ఉంటే 50 గంటలకు లేదా నాలుగు నెలలకు, ఏది ముందైతే దానికి ఆయిల్ మార్చమని లైకమింగ్ చెబుతుంది. మొదటిసారి మెకానిక్ పక్కన నిలబడి చేయండి.

## బయటికి వచ్చేటప్పుడు

ఉద్యోగం పోయి వేరే రాష్ట్రం వెళ్లాల్సి వస్తే?

మన జీవితాల్లో ఇది అసాధారణం కాదు. అందుకే బయటికొచ్చే దారి మొదటి రోజే రాసుకోవాలి. వాడుకలో ఉన్న పద్ధతి ఇది: వాటా అమ్ముతానని చెప్పాక మిగతావాళ్లకు 30 రోజులు కొనే హక్కు. వాళ్లు వద్దంటే బయటివారికి అమ్మవచ్చు, ఆ మనిషి మిగతావాళ్లకూ బీమా కంపెనీకీ నచ్చాలి. దొరికేదాకా నెల చందా మీరే కట్టాలి. ధర ఎలా కడతారో కూడా అప్పుడే రాయండి, ఇద్దరు వేర్వేరుగా కట్టిన విలువల సగటు అనో, మార్కెట్ ధరల పట్టిక అనో. ధర ఏ పద్ధతిలో కట్టాలో రాయని చోట స్నేహం మీద వాటా విలువ కడతారు.

ఒకరికి మెడికల్ (ఎగరడానికి కావలసిన వైద్య ధ్రువపత్రం) పోయింది. ఆయన వాటా ఏం చేయాలి?

వెంటనే ఏమీ చేయనక్కర్లేదు. ఇంతకు ముందు మెడికల్ ఉన్న చాలామందికి 2017 నుంచి బేసిక్‌మెడ్ అనే తేలిక దారి ఉంది, అది కుదురుతుందేమో ముందు చూడాలి. కుదరకపోతే ఆయన ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగరవచ్చు, మరో వాటాదారు నడుపుతుంటే పక్కన కూర్చోవచ్చు. నెల చందా మాత్రం మాఫీ కాదు. ఎన్నాళ్లు ఆగాలో ఒప్పందంలో గడువు పెట్టండి, ఆరు నెలలో, ఏడాదో.

వాటాదారు చనిపోతే?

ఆ వాటా వారసులకు వెళుతుంది. విమానం గురించి ఏమీ తెలియని భార్య గానీ, భర్త గానీ హఠాత్తుగా మీతో సహ యజమాని అవుతారు. వాళ్లకు కావలసింది డబ్బు, మీకు కావలసింది సంతకం. మిగతావాళ్లు ఫలానా పద్ధతిలో ధర కట్టి, ఇన్ని నెలల్లోగా కొనాలని ఒప్పందంలో ఉంటే ఇద్దరికీ మేలు. ఒప్పందం ఎక్కడుందో ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి.

అందరం కలిసి విమానమే అమ్మేస్తున్నాం. ఏం మరచిపోకూడదు?

కో-ఓనర్లుగా ఉంటే బిల్ ఆఫ్ సేల్ మీద ప్రతి ఒక్కరి సంతకం కావాలి. ఒకరు హైదరాబాద్‌లో ఉంటే ఆ కాగితం ముందుగానే పంపండి. డబ్బు ఎస్క్రో, అంటే మధ్యవర్తి ఖాతా ద్వారా చేతులు మారనివ్వండి. అమ్మినట్టు రిజిస్ట్రీకి తెలియజేయండి, లేకపోతే కొత్త యజమాని చేసే పనులకు ఉత్తరాలు మీకే వస్తాయి. లాగ్‌బుక్కులు, 337 ఫారాలు, తాళాలు అన్నీ జాబితా రాసి అప్పజెప్పండి. విమానం కొన్నవారి చేతికి వెళ్లాకే బీమా రద్దు చేయండి, మిగిలిన కాలానికి ప్రీమియంలో కొంత వెనక్కి రావచ్చు. ఇంజన్ నిధిలో మిగిలింది పంచుకునేటప్పుడు సమానంగానా, ఎగిరిన గంటలను బట్టా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. గంటకు ఇంతని వేసిన డబ్బు కాబట్టి గంటలను బట్టే న్యాయం.